వంద మందిలో యాభై ముగ్గురు ఎందుకు చాలలేదు?

ప్రశ్న: 2025 అక్టోబరు 1 నుంచి 43 రోజులపాటు అమెరికా కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలు చాలావరకు మూతపడ్డాయి. అధ్యక్ష పదవి, ప్రతినిధుల సభ, సెనేట్ మూడూ రిపబ్లికన్ల చేతిలోనే ఉన్నాయి. సెనేట్‌లో వందకు 53 మంది వారే. అయినా ఖర్చుల బిల్లు నెగ్గించుకోలేకపోయారు. ప్రజాస్వామ్యమంటే మెజారిటీ పాలన అని పిల్లలకు పాఠం చెప్పే నాకు దీన్ని ఎలా వివరించాలో తెలియడం లేదు. (ఒక అధ్యాపకుడు, గుంతకల్లు)

జవాబు: మీ ప్రశ్నలో ఉన్న చిక్కు రాజ్యాంగానిది కాదు, సెనేట్ తనకు తాను రాసుకున్న నిబంధనలది. అధ్యక్షుడి వీటోను తోసిపుచ్చడానికి, ఒప్పందాలను ఆమోదించడానికి, అభిశంసనలో దోషిగా తేల్చడానికి, రాజ్యాంగాన్ని సవరించడానికి, ఇలా కొద్ది సందర్భాల్లోనే అమెరికా రాజ్యాంగం మూడింట రెండు వంతుల మెజారిటీని కోరుతుంది. మామూలు బిల్లుకు మామూలు మెజారిటీ చాలు. ఓట్లు సరిసమానమైతే ఉపాధ్యక్షుడు తన ఓటు వేయవచ్చునని రాజ్యాంగమే చెప్పింది కనుక, ఒక్క ఓటు తేడాతో బిల్లు నెగ్గవచ్చునన్నదే దాన్ని రాసినవారి ఉద్దేశమని అనుకోవాలి.

మరి 53 చాలక 60 ఓట్లు కావాలన్న లెక్క ఎక్కడినుంచి వచ్చింది? 1806లో సెనేట్ తన నిబంధనలను సవరించుకుంటూ, చర్చను ఆపి ఓటింగుకు వెళ్లే తీర్మానాన్ని అనవసరమనుకుని తీసేసింది. దానివల్ల సభ్యుడు ఎంతసేపైనా మాట్లాడి బిల్లును అడ్డుకునే వీలు ఏర్పడిందని అప్పట్లో ఎవరూ గమనించలేదు. గమనించి ఆయుధంగా వాడడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. దీన్నే ఫిలిబస్టర్ అంటారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వర్తక నౌకలకు ఆయుధాలిచ్చే బిల్లును కొద్దిమంది సభ్యులు ఇలాగే ఆపేయడంతో అధ్యక్షుడు విల్సన్ మండిపడ్డారు. 1917లో మూడింట రెండు వంతుల ఓట్లతో చర్చకు ముగింపు పలికే నిబంధన వచ్చింది. 1975లో అది మొత్తం సభ్యుల్లో అయిదింట మూడు వంతులకు, అంటే అరవైకి తగ్గింది.

ఇప్పుడది నడిచే తీరు మీ విద్యార్థులకు చెప్పదగినది. చర్చ ముగించాలని పదహారు మంది సభ్యులు సంతకాలు చేసిన పత్రం ఇవ్వాలి. ఆ తరువాత ఒక పనిదినం గడవాలి, ఆ మర్నాడు ఓటింగు. అరవై అన్నది మొత్తం సభ్యుల సంఖ్యను బట్టి లెక్కించేది కాబట్టి, బిల్లును వ్యతిరేకించేవారు సభకు రాకపోయినా వారి పని జరిగిపోతుంది. అరవై మందిని కూడగట్టే భారమంతా బిల్లు కావలసినవారిదే. రాత్రంతా నిలబడి మాట్లాడే రోజులు దాదాపు పోయాయి. అడ్డుకుంటామని తెలియజేస్తే చాలు. నా దృష్టిలో అసలు లోపం ఇక్కడే ఉంది: అడ్డుకునేవాడికి ఒంటికి శ్రమ లేదు, జనం ముందు నిలబడి కారణం చెప్పుకోవలసిన అవసరమూ లేదు.

మినహాయింపులు ఉన్నాయి. 2013 నుంచి చాలా నియామకాలకు, 2017 నుంచి సుప్రీంకోర్టు న్యాయమూర్తుల నియామకానికి మామూలు మెజారిటీ చాలు. బడ్జెట్‌కు సంబంధించిన ఒక ప్రత్యేక పద్ధతిలో వచ్చే బిల్లులకూ అంతే. మీరడిగిన ఖర్చుల బిల్లు ఈ మినహాయింపుల్లోకి రాలేదు. స్వపక్షంలో ఒకరు ఎదురుతిరగగా, అవతలి వైపునుంచి ఎనిమిది మంది వచ్చి కలిసిన తరువాతే అరవై పూర్తయింది.

బలహీనులను బలవంతుల మందబలం నుంచి కాపాడడానికే ఈ ఏర్పాటని దాని సమర్థకులు చెబుతారు. చరిత్ర చూస్తే ఆ మాట నిలవదు. నల్లజాతివారిని మూకలు కొట్టి చంపడాన్ని కేంద్ర ప్రభుత్వ చట్టం కింద నేరంగా ప్రకటించే బిల్లు 1922లో ఒకసారి, ఆ తరువాత మరికొన్నిసార్లు ప్రతినిధుల సభలో నెగ్గి సెనేట్‌లో ఆగిపోయింది. ఆ చట్టం చివరికి వచ్చింది 2022లో. ఆపిన దక్షిణాది రాష్ట్రాల సభ్యులు సెనేట్‌లో మైనారిటీయే, సందేహం లేదు. అయితే 20వ శతాబ్దం మొదట్లో ఆ దక్షిణాదిలోని మిసిసిపీ, సౌత్ కరోలినా రాష్ట్రాల్లో నల్లజాతివారే ఎక్కువ మంది ఉండేవారు, వారిలో దాదాపు ఎవరికీ ఓటు వేసే వీలు లేదు. ఊళ్లో ఎక్కువమందిని ఓటుకు దూరం చేసి ఢిల్లీ లాంటి చోట తాము అల్పసంఖ్యాకులమని రక్షణ కోరడమంటే ఇదే.

ఈ అడ్డును దాటిన సందర్భమూ ఉంది. 1964 జూన్ 10న, జాతి వివక్షను నిషేధించే పౌరహక్కుల బిల్లుపై చర్చకు ముగింపు పలికే ఓటింగు జరిగింది. కాలిఫోర్నియా సెనేటర్ క్లెయిర్ ఎంగిల్‌కు మెదడులో కణితి, మాట పడిపోయింది. చక్రాల కుర్చీలో ఆయన్ను సభకు తీసుకువచ్చారు. పేరు పిలిచినప్పుడు నోరు పెగలక, ఆయన చేయి మెల్లగా ఎత్తి తన కంటివైపు చూపించారు; వారి భాషలో కన్నుకూ, ఓటింగులో సమ్మతి తెలిపే మాటకూ పలుకు ఒకటే. 71 మంది సరేనన్నారు, 29 మంది కాదన్నారు. ఎంగిల్ ఆ జూలై నెలాఖరులో మరణించారు.

ప్రశ్న: కాలిఫోర్నియాకూ ఇద్దరు సెనేటర్లే, వయోమింగ్‌కూ ఇద్దరేనట. ఇంత అన్యాయాన్ని ఎందుకు మార్చుకోరు? (ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు)

జవాబు: మార్చుకోకుండా ముందే తాళం వేసుకున్నారు కాబట్టి. 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసేటప్పుడు, సమాన ఓటు వదులుకోవద్దని డెలావేర్ తన ప్రతినిధులకు ముందే ఆదేశించి పంపింది. చిన్న రాష్ట్రాలు లేచిపోతే దేశమే ఏర్పడదు. అందుకని ప్రతినిధుల సభలో జనాభా లెక్కన, సెనేట్‌లో రాష్ట్రానికి ఇద్దరు చొప్పున స్థానాలుండాలని రాజీ కుదిరింది. ఏ రాష్ట్రానికైనా సెనేట్‌లో సమాన ఓటు పోవాలంటే ఆ రాష్ట్రమే ఒప్పుకోవాలని అయిదవ అధికరణంలో రాశారు.

ఆనాడు పెద్దదైన వర్జీనియాకూ చిన్నదైన డెలావేర్‌కూ జనాభాలో తేడా సుమారు పదమూడు రెట్లు. 2020 లెక్కల ప్రకారం కాలిఫోర్నియా జనాభా 3.95 కోట్లు, వయోమింగ్ జనాభా 5.77 లక్షలు, తేడా 68 రెట్లు. అతి తక్కువ జనాభా గల 21 రాష్ట్రాలను కలిపితే దేశ జనాభాలో పదకొండు శాతమే, కానీ ఆ 42 మంది సెనేటర్లు ఒక్కటైతే మామూలు బిల్లు దేన్నైనా ఆపగలరు. ఆచరణలో వారు ఒక్కటి కారు. వెర్మాంట్, డెలావేర్, రోడ్ ఐలండ్, హవాయి ఒక పార్టీ వైపు, వయోమింగ్, రెండు డకోటాలు మరో పార్టీ వైపు ఉన్నాయి.

రాష్ట్రాల తరఫున అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టర్ల సంఖ్య కూడా సెనేట్ స్థానాలను కలుపుకునే లెక్కిస్తారు. 2000లో దేశం మొత్తం మీద తక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థే అధ్యక్షుడు కావడానికి ఇది కొంత కారణం. గెలిచినవాడికే రాష్ట్రంలోని ఎలక్టర్లందరినీ కట్టబెట్టే పద్ధతి మరో కారణం.

మన రాజ్యసభలో ఉత్తరప్రదేశ్‌కు 31, ఆంధ్రప్రదేశ్‌కు 11, సిక్కింకు 1 స్థానం. మనవారు సమానత్వాన్ని తీసుకోలేదు. పైగా సభల మధ్య పేచీ వస్తే ఉమ్మడి సమావేశం పెట్టవచ్చు. 1961, 1978, 2002 సంవత్సరాల్లో అలా మూడు చట్టాలు నెగ్గాయి. అమెరికాలో ఆ దారి లేదు.

ప్రశ్న: శ్రీబాగ్ ఒడంబడికలో మన సీమ పెద్దలు అడిగింది కూడా చిన్న రాష్ట్రాలు అడిగినదే కదా? మీరు దాన్ని తప్పుపడతారా? (ఒక విద్యార్థి, కర్నూలు)

జవాబు: తప్పుపట్టను. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన ఆ ఒడంబడికలో సాగునీటిలో సీమకు ప్రాధాన్యం, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, రాజధాని లేదా హైకోర్టు అన్న అంశాలతోపాటు, శాసనసభలో సాధారణ స్థానాలను జిల్లాలకు సమానంగా పంచాలన్న అంశమూ ఉంది. ఈ చివరిదే సెనేట్ సూత్రానికి దగ్గర.

అయితే తేడాను గమనించండి. జిల్లాకు సమాన స్థానాలు ఇచ్చినా కోస్తా జిల్లాలే ఎక్కువ, సీమ సభ్యులు తక్కువమందే. వారికి గొంతు పెరిగేది, బిల్లును ఆపే శక్తి వచ్చేది కాదు. డెలావేర్ 1787లో సంపాదించింది కూడా గొంతునే. ఆపే శక్తి ఫిలిబస్టర్‌తో తరువాత వచ్చి చేరింది. ఈ రెంటినీ కలిపి తిట్టడమో, కలిపి మెచ్చుకోవడమో మన పత్రికల్లో తరచుగా కనిపిస్తుంది. మొదటిది కలిసి బతకడానికి కట్టిన వెల అని ఒప్పుకుంటాను. రెండవదానికి అలాంటి సమర్థన నాకు కనబడదు.

శ్రీబాగ్‌లో రాజధాని మాట ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953 అక్టోబరు 1న నెరవేరింది. మీ ఊళ్లోనే గుడారాల్లో ప్రభుత్వ కార్యాలయాలు నడిచాయి, హైకోర్టు గుంటూరుకు వెళ్లింది. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు మారింది. జిల్లాలకు సమాన స్థానాల సంగతి మాత్రం అక్కడిదాకా కూడా రాలేదు. 1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం 170వ అధికరణంలో, శాసనసభ స్థానాలకూ జనాభాకూ ఉండే నిష్పత్తి రాష్ట్రమంతటా వీలైనంతవరకు ఒకేలా ఉండాలని చెప్పింది కనుక, ఆ షరతు అమలు కావాలంటే ముందు రాజ్యాంగాన్నే సవరించవలసి వచ్చేది.