‘ఓదార్చబడుదురు’ – ఓదార్చేది ఎవరు?

సందేహం: అయ్యా, వందనాలు. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. మా సంఘంలో సండే స్కూల్ పిల్లలకు పాఠాలు చెబుతుంటాను. కంఠత వాక్యాల పోటీ కోసం మత్తయి 5వ అధ్యాయం నేర్పుతున్నాను. ‘దుఃఖపడువారు ధన్యులు, వారు ఓదార్చబడుదురు’ దగ్గరికి రాగానే ఆరో తరగతి పిల్లవాడొకడు ‘టీచర్, ఎవరు ఓదారుస్తారు? ఇందులో లేదు కదా’ అన్నాడు. మా ఊరి బడిలో తెలుగు చెప్పే మాస్టారేమో ‘ఈ -బడు అసలు తెలుగే కాదు, ఇంగ్లీషు నుంచి దింపింది, తీసేసి చెప్పండి’ అంటున్నారు. చర్చి ప్రకటనల్లోనూ ఎక్కడ చూసినా ‘చేయబడును’, ‘ఇవ్వబడును’ అనే ఉంటుంది. ఈ ప్రయోగం తప్పా? వాక్యాన్ని మార్చి చెప్పవచ్చా?

సమాధానం: అమ్మా, ముందు మాస్టారి మాట చూద్దాం. పిల్లవాడి ప్రశ్న పెద్దది, దానికి తీరిగ్గా వద్దాం.

మాస్టారు చెప్పినదాంట్లో సగం నిజం. మాట్లాడే తెలుగుకు కర్మణి ప్రయోగంతో, అంటే ‘చేయబడును’ వంటి వాక్యాలతో, పెద్దగా పని లేదు. ‘అన్నం వండబడింది’ అని ఏ ఇంట్లోనూ అనరు. చేసినవాళ్లెవరో చెప్పనక్కర లేకపోతే కర్తను వదిలేసి ఊరుకుంటాం: ‘ఊళ్లో బోరు వేశారు’, ‘బడికి సున్నం కొట్టారు’. వేసిందెవరో, కొట్టిందెవరో చెప్పలేదు, అయినా వాక్యం కర్తరిలోనే, అంటే చేసినవాళ్ల వైపునుంచే, నడిచింది. అంతమాత్రాన -బడు పరాయిది కాదు. చేయన్ + పడు అన్నచోట ద్రుతం (చివరి నకారం) మీద పకారం బకారమై ‘చేయంబడు’ అయింది, అదే వాడుకలో ‘చేయబడు’. ‘అనంబడు’ వంటి రూపాలు బైబిలు తెలుగులోకి రావడానికి ఎన్నో శతాబ్దాల ముందే మన కావ్యభాషలో ఉన్నాయి. ఇంగ్లీషు చదువు వల్ల దీని వాడకం విపరీతంగా పెరిగిన మాట వాస్తవం. పుట్టుక మాత్రం మన వ్యాకరణంలోనిదే.

మీరు నేర్పుతున్న వాక్యంలోనే ‘పడు’ రెండుసార్లు వచ్చింది, గమనించారా? ‘దుఃఖపడు’లో ఒకటి, ‘ఓదార్చబడు’లో ఒకటి. రెండూ ఒకటి కావు. దుఃఖం, భయం, సిగ్గు, కష్టం వంటి నామవాచకాల మీద చేరిన ‘పడు’ మనిషి తాను అనుభవించేదాన్ని చెబుతుంది. భయపడ్డాడంటే భయం అతనిదే. ఓదార్చు వంటి సకర్మక క్రియ మీద చేరితే, ఆ పని ఇంకొకరు చేశారనీ ఇతను అందుకున్నాడనీ అర్థం. దుఃఖం వారిది, ఓదార్పు మరొకరి దగ్గరనుంచి వచ్చేది. గ్రీకు మూలంలో ఈ రెండు మాటలకూ ఇలాంటి పోలిక లేదు. ఇది తెలుగు తనంతట తాను ఇచ్చిన అందం. పిల్లలకు నల్లబల్ల మీద ఆ రెండు మాటలూ పక్కపక్కన రాసి చూపించండి.

ఇక ‘ఇంగ్లీషు నుంచి దింపింది’ అన్న అభియోగం. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీ సొసైటీ వారు జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ తెలుగు నేర్చుకుని అనువాదానికి పూనుకున్నారు. బ్రాహ్మణ కుటుంబంనుంచి క్రైస్తవం స్వీకరించిన ఆనందరాయరు ఆ పనిలో వారికి తోడయ్యాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఇప్పుడు మన చేతుల్లో ఉన్న పాఠం ఆ తర్వాతి తరాలవారు పదేపదే సవరించినది. ఆ సవరించినవారు గుడ్డిగా దింపారా లేదా అనడానికి మత్తయి 1:22 చూడండి. గ్రీకులో అక్కడ ఉన్నది కర్మణి: ‘ప్రవక్త ద్వారా ప్రభువుచేత చెప్పబడినది’ అన్న పద్ధతి. పేరొందిన పాత ఇంగ్లీషు అనువాదమూ కర్మణిలోనే ఉంది. మన తెలుగులో మాత్రం ‘ప్రభువు తన ప్రవక్తద్వారా పలికిన మాట’ అని కర్తరికి తిప్పారు. అంతేకాదు, ప్రవచనాన్ని ముందుకు తెచ్చి, ‘అని’ చేర్చి, ఆ తర్వాత ఇదంతయు జరిగెనని ముగించారు. ఇది తెలుగు చెవి ఉన్నవాళ్లు చేసిన పని. మీ అధ్యాయంలోనే 7వ వచనం ఉంది కదా, ‘కనికరముగలవారు ధన్యులు, వారు కనికరము పొందుదురు’. అక్కడ గ్రీకులో ఉన్నది కర్మణే, తెలుగులో -బడు లేదు. అలాంటివాళ్లు 4వ వచనంలో -బడు ఉంచారంటే, కర్త పేరు మూలంలోనే లేదు గనుక ఉంచారని నేననుకుంటాను.

ఎందుకు లేదన్నదే మీ పిల్లవాడి ప్రశ్న.

యూదులు దేవుని పేరును వ్యర్థంగా పలకకూడదన్న ఆజ్ఞను ఎంత నిష్ఠగా పాటించారంటే, లేఖనం చదివేటప్పుడు ఆ నాలుగక్షరాల నామం వచ్చినచోట ‘ప్రభువు’ అనే అర్థమిచ్చే వేరే మాట పలికేవారు. ఆ భక్తి వాక్యనిర్మాణంలోకీ దిగిందని బైబిలు పండితులు చాలామంది చెబుతారు. దేవుడు చేసే పనిని ఆయన పేరెత్తకుండా కర్మణిలో చెప్పడం అందులో ఒక పద్ధతి. జర్మన్ పండితుడు యోవాఖిమ్ యెరెమియాస్ 1971లో ప్రచురించిన కొత్త నిబంధన వేదాంత గ్రంథంలో, యేసు మాటల్లో ఇలాంటివి దాదాపు వంద ఉన్నాయన్నాడు. ఆ లెక్కలో కొన్నింటిని తర్వాతివారు ఒప్పుకోకపోవచ్చుగాని, 4వ వచనం, ‘తృప్తిపరచబడుదురు’ అన్న 6వ వచనం విషయంలో సందేహించే పని లేదు.

విన్నవాళ్లకు ఆ దాగిన కర్త తెలిసేవాడనడానికి సువార్తలోనే సాక్ష్యముంది. కపెర్నహూములో ఇంటి కప్పు విప్పి పక్షవాయువు గలవాణ్ణి దింపినప్పుడు యేసు ‘నీ పాపములు క్షమింపబడియున్నవి’ అన్నాడు. ఎవరు క్షమించారో చెప్పలేదు. అక్కడ కూర్చున్న శాస్త్రులు (యూదుల ధర్మశాస్త్ర పండితులు) వెంటనే ‘దేవుడొక్కడే తప్ప పాపములు క్షమింపగలవాడెవడు’ అని లోలోపల అనుకున్నారు (మార్కు 2:5–7). కర్మణిని కర్తరికి తిప్పి, కర్త ఎవరని అడుగుతున్నారు. మీ ఆరో తరగతి పిల్లవాడు అడిగిందీ అదే. వాణ్ణి అందరి ముందూ మెచ్చుకోండి.

జవాబు యెషయాలో దొరుకుతుంది. ‘దుఃఖాక్రాంతులందరిని ఓదార్చుటకును’ అని 61వ అధ్యాయం రెండో వచనం. యేసు నజరేతు సమాజమందిరంలో చదివింది ఆ అధ్యాయాన్నే. మత్తయి 5:4 వెనుక ఉన్నది ఆ మాటేనని వ్యాఖ్యాతలు చెబుతారు. 66:13లో దేవుడే ‘నేను’ అంటూ, తల్లి బిడ్డను ఆదరించినట్టు మిమ్మల్ని ఆదరిస్తానంటాడు. ఆ పేజీ తీసి పిల్లవాడి చేతే చదివించండి, మీరు చెప్పేకంటే అది బాగుంటుంది. ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్న పిల్లలు మీ తరగతిలో ఉంటే, ‘ఓదార్చబడుదురు’ అన్న పొడి క్రియ కన్నా, ఓదార్చేవాడొకడు ఉన్నాడని వినడం వాళ్లకు చాలా అవసరం. వాడుకభాషలో వచ్చిన అనువాదాల్లో ‘దేవుడు ఓదారుస్తాడు’ అని తిప్పినవీ ఉన్నాయి, అది తప్పేమీ కాదు.

అలాగని అన్నిచోట్లా కర్తను తెచ్చి పెట్టకండి. ప్రభువు నేర్పిన ప్రార్థనలో ‘నీ నామము పరిశుద్ధపరచబడు గాక’ ఉంది. పరిశుద్ధపరచేది ఎవరు? నా నామాన్ని నేనే పరిశుద్ధపరుస్తానని యెహెజ్కేలు 36:23లో దేవుడంటాడు. ప్రజలు ఆయన నామాన్ని పవిత్రపరుస్తారని యెషయా 29:23 అంటుంది. మార్టిన్ లూథర్ తన 1529 నాటి చిన్న ప్రశ్నోత్తరిలో, దేవుని నామం తనంతట తానే పరిశుద్ధమైనది, అది మన మధ్య కూడా పరిశుద్ధంగా ఉండాలని ఇక్కడ ప్రార్థిస్తున్నాం అని వివరించాడు. ఆ -బడు ఇద్దరికీ చోటిస్తోంది. ‘నీవు పరిశుద్ధపరచుము’ అంటే మన బాధ్యత జారిపోతుంది, ‘మేము పరిశుద్ధపరచెదము’ అంటే అది ప్రార్థనే కాదు.

ప్రకటనల సంగతి వేరు. ‘ప్రత్యేక ప్రార్థనలు చేయబడును’ అన్నప్పుడు చేసేది మనమే. దాచవలసిన పేరు ఏదీ లేదు. ‘ప్రార్థిస్తాం, రండి’ అనండి. ‘కానుకలు లెక్కించబడినవి’ అన్న వాక్యం నాకు మరీ ఇబ్బంది కలిగిస్తుంది. లెక్కపెట్టిందెవరో సంఘానికి తెలియాలి, ‘సంఘపెద్దలు ముగ్గురు కూర్చుని లెక్కపెట్టారు’ అని రాయడమే న్యాయం. సభల కరపత్రాల్లో ‘దేవునిచేత బలముగా వాడబడుచున్న దైవజనులు’ అని వేస్తారు. వ్యాకరణం సరిగానే ఉంది, కర్తా ఉన్నాడు. అయినా మనుషుల్ని ‘వాడడం’ అనేది తెలుగులో గౌరవమైన మాట కాదు. దేవుని సేవ చేస్తున్నవారు అంటే చాలదా? సాక్ష్యాల్లో వచ్చే ‘రక్షింపబడ్డాను’ను మాత్రం తప్పుపట్టను. చెప్పేవాడు తన గొప్ప ఏమీ లేదంటున్నాడు, ఆ వినయానికి ఆ రూపం అవసరం. ‘రక్షణ పొందాను’ అంటే ఇంకా తెలుగుగా ఉంటుంది.

పోటీకి మాత్రం వాక్యాన్ని ఉన్నదున్నట్టే వల్లె వేయించండి. అవ్వలూ తాతలూ అదే పాఠాన్ని కంఠతా పట్టారు, ఇంట్లో వాళ్లతో కలిసి చెప్పుకోవాలంటే ఆ మాటలే ఉండాలి. వల్లె వేశాక, ప్రతి -బడు దగ్గరా ఆగి ‘ఎవరు?’ అని అడగండి. ఒక్క జాగ్రత్త: పిల్లలు అలవాటుగా అన్నింటికీ ‘దేవుడు’ అనేస్తారు. 10వ వచనంలో ‘నీతినిమిత్తము హింసింపబడువారు’ అని ఉంది. అక్కడ కర్త మనుషులు. గ్రీకులో 11వ వచనంలో కూడా కర్త పేరు లేదు, మనవాళ్లు ‘జనులు మిమ్మును నిందించి హింసించి’ అని తెలుగులో చేర్చారు. రెండు వచనాలూ కలిపి చదివిస్తే, ఏది ఎవరి పనో పిల్లలు వాళ్లంతట వాళ్లే పట్టుకుంటారు.