మీ సందేహాలు: ఆవిరి ఇంజన్ ముందు భాగంలో హోరు

ప్రశ్న: గ్యాస్‌తో నడిచే చిన్న ఆవిరి ఇంజన్ ఉంది, 45 మిల్లీమీటర్ల పట్టాల మీద నడిచేది. ఈమధ్య మంట బలహీనపడిందని, గ్యాస్ చిమ్మే జెట్‌ను సన్న సూదితో పొడిచి శుభ్రం చేశాను. అప్పటినుంచి వెలిగించగానే ముందువైపు హోరుమంటోంది. పొగగొట్టం కింద రంగు పొంగింది. ఇంత మంట ఉన్నా ఆవిరి మాత్రం లేవడం లేదు.

జవాబు: దోషం ఆ సూదిదే. నేనూ ఒకప్పుడు ఈ ఘనకార్యం చేశాను. నా మొదటి ఇంజన్ స్మోక్‌బాక్స్ (పొగగొట్టం కింద, బాయిలర్ ముందుండే గది) మీద నల్లరంగు అప్పడంలా లేచింది.

జెట్ రంధ్రం వెంట్రుకంత సన్నగా ఉంటుంది. అందులోంచి గ్యాస్ చిమ్మే వేగానికి బర్నర్ పక్క రంధ్రాల నుంచి గాలి లోపలికి వస్తుంది. రెండూ కలిసి, బాయిలర్ మధ్యలో ఉన్న గొట్టంలో మండాలి. రంధ్రం కాస్త పెద్దదైనా గ్యాస్ ఎక్కువై గాలి చాలదు. మండని గ్యాస్ ముందుకు పోయి, స్మోక్‌బాక్స్‌లో గాలి తగిలాక అక్కడ మండుతుంది. వేడంతా పొగగొట్టం పాలు, నీళ్లకు అందేది తక్కువ. కొత్త జెట్ వేయడమే మందు. అదే సైజుది అడగండి.

ఈసారి మూసుకుపోతే జెట్ విప్పి కాసేపు థిన్నర్‌లో నానబెట్టండి. తర్వాత వెనక్కి తిప్పి, గ్యాస్ బయటికొచ్చే వైపు నుంచి గాలి ఊదండి. వెలుతురుకు ఎదురుగా పెట్టి భూతద్దంలో చూస్తే గుండ్రటి చుక్క కనిపించాలి. నాకు ఒకసారి అందులో దూది పోగు కనిపించింది, తుడిచిన గుడ్డదే! బిగించాక సబ్బు నీళ్లు రాసి, బుడగలు రావని చూసుకున్నాకే వెలిగించండి.

వెలిగించేటప్పుడు లైటర్ పొగగొట్టం పైన పెట్టి, గ్యాస్ మెల్లగా తిప్పండి. ‘టప్’మని మంట వెనక్కి దూకి బర్నర్ మీద కూర్చుంటుంది, ఆపైన సన్నటి బుసే వినిపించాలి. హోరు వస్తే వెంటనే గ్యాస్ తగ్గించండి. తగ్గించినా మంట వెనక్కి పోకపోతే పూర్తిగా కట్టేసి, కాసేపాగి మళ్లీ మొదలుపెట్టండి. గ్యాస్ ట్యాంకు గొంతుదాకా నింపినా మొదట్లో ఇలాగే అవుతుంది, గ్యాస్ ద్రవంగానే జెట్ దాకా వచ్చేస్తుంది. అది మాత్రం ఒకట్రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది.

ప్రశ్న: ఒత్తిడి బాగానే ఉంది, కానీ మొదట కదిలించగానే చక్రాలు బిగుసుకుపోతాయి. టెన్షన్‌గా ఉంది.

జవాబు: చల్లటి సిలిండర్‌లో ఆవిరి నీరైపోతుంది. నీళ్లను పిస్టన్ నొక్కలేదు, అందుకే పట్టేస్తుంది. ఆవిరి ఎక్కువ వదిలి బలవంతం చేస్తే రాడ్లు వంగుతాయి. కొద్దిగా మాత్రం వదిలి, చేత్తో ముందుకీ వెనక్కీ నెట్టండి. పొగగొట్టంలోంచి నీళ్లూ నూనే చిమ్ముతాయి. పాత చొక్కా వేసుకోండి.

ప్రశ్న: నీళ్లు ఉన్నట్టే ఉన్నాయి, గ్యాస్ అయిపోయింది. గ్యాస్ మాత్రం నింపి ఇంకో విడత నడపొచ్చా?

జవాబు: వద్దు. చాలా ఇంజన్లలో నీళ్లకంటే గ్యాస్ ముందు అయిపోయేలా ట్యాంకు పెడతారు, మీ బాయిలర్‌కు అదే కాపలా. గ్యాస్ ఒక్కటే నింపితే ఆ కాపలా తీసేసినట్టే. ఒత్తిడి సున్నాకు పడ్డాక ముందు నూనె, తర్వాత డిస్టిల్డ్ వాటర్, చివర్న గ్యాస్. గ్యాస్ ఆరుబయటే నింపాలి, దగ్గర్లో మంట ఉండకూడదు.

ప్రశ్న: సిలిండర్లకు నూనె అందించే లూబ్రికేటర్ నిండా నూనె పోస్తాను, నడిపాక చూస్తే నీళ్లు. పాడైందా?

జవాబు: బాగుంది కాబట్టే నీళ్లు! లోపలికొచ్చిన ఆవిరి చల్లబడి నీరై అడుక్కి దిగుతుంది, నూనెను పైకి తోస్తుంది. అలా తోసిన నూనె ఆవిరితో కలిసి సిలిండర్లకు చేరుతుంది. ప్రతి విడతకీ ఆ నీళ్లు సిరంజితో లాగేసి చిక్కటి స్టీమ్ ఆయిల్ పోయండి, కుట్టుమిషన్ నూనె ఆ వేడికి నిలవదు. నడిపాక కూడా పోసిన నూనె పోసినట్టే ఉంటే అప్పుడు రాయండి. ఈలోగా ఇంజన్ చల్లారాక పొగగొట్టం అంచు వేలితో తడిమి చూడండి, జిడ్డు తగలాలి.