ప్రశ్న మీది, అడగాల్సింది మీ ఎంపీ

విదేశాంగ వ్యవహారాలు, ఎగుమతి దిగుమతులు, మానవ హక్కులు మన పార్లమెంటులో ఎలా చర్చకు వస్తాయి, ఎక్కడ ఆగిపోతాయి? ఈ విషయం మీద వచ్చిన ఉత్తరాల్లో ఆరింటికి ఈసారి జవాబులు.

మా మండలం నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లకు జీతాలు ఎగ్గొట్టడం, చనిపోతే శవం వారాల తరబడి రాకపోవడం మామూలైపోయింది. ఎంపీ గారికి వినతిపత్రం ఇస్తే 'పార్లమెంటులో అడుగుతాను' అన్నారు. ఏం అడగమని చెప్పాలి?
— ఓ పాఠకుడు, జగిత్యాల

వినతిపత్రంతో ఆగకండి, ప్రశ్న కూడా మీరే రాసి ఇవ్వండి. ఎంపీ కార్యాలయంలో రోజూ పదుల కొద్దీ కాగితాలు వచ్చిపడతాయి. నేరుగా నోటీసుగా పంపడానికి పనికొచ్చే కాగితం ముందుకు కదులుతుంది.

లోక్‌సభ నిబంధనల ప్రకారం ప్రశ్న 150 పదాలు దాటకూడదు. అందులో వాదన, ఆరోపణ ఉండకూడదు. ప్రభుత్వ అభిప్రాయం అడగకూడదు. మనతో స్నేహంగా ఉన్న దేశం గురించి అమర్యాదగా రాయకూడదు. గల్ఫ్ మీద కోపంతో రాసిన ప్రశ్న ఈ చివరి గడప దగ్గరే తట్టుకుంటుంది. 'కువైట్ యజమానుల దౌర్జన్యాల మీద ప్రభుత్వం ఎందుకు నోరు మెదపడం లేదు?' అని రాస్తే అందులో ఆరోపణా ఉంది, అమర్యాదా ఉంది. ప్రశ్న సభ గుమ్మం కూడా తొక్కదు.

అదే బాధను ఇలా రాయండి: '(ఎ) గత మూడేళ్లలో కువైట్‌లోని భారత రాయబార కార్యాలయానికి జీతాల బకాయిల మీద అందిన ఫిర్యాదులు ఏడాదివారీగా ఎన్ని? (బి) వాటిలో పరిష్కారమైనవి ఎన్ని, పెండింగ్‌లో ఉన్నవి ఎన్ని? (సి) ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వారివి ఎన్ని? (డి) మృతదేహాల తరలింపునకు భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి ఖర్చు చేసిన మొత్తం ఎంత?' దేశం పేరు, కాలం, నిధి పేరు ఉన్నాయి కాబట్టి జవాబు చెప్పేవారికి తప్పించుకునే దారి తక్కువ. 'గల్ఫ్ దేశాల్లో' అని కలిపి అడిగితే జవాబూ కలగాపులగంగానే వస్తుంది.

నోటీసు కనీసం 15 రోజుల ముందు చేరాలి. ఇటీవలి సమావేశాల్లో విదేశాంగ శాఖ జవాబిచ్చే రోజు లోక్‌సభలో శుక్రవారం, రాజ్యసభలో గురువారం. ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుని, ఇంకో వారం ముందే కాగితం ఇచ్చేయండి. స్టార్ గుర్తు ప్రశ్నకు మంత్రి సభలో లేచి జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలూ వేయొచ్చు. అయితే లోక్‌సభలో రోజుకు 20 మాత్రమే ఉంటాయి, ఆ గంటలో వంతు వచ్చేది వాటిలో కొన్నింటికే. స్టార్ లేనివి రోజుకు 230 దాకా తీసుకుంటారు, జవాబు రాతలో వస్తుంది. మీకు కావలసింది అంకెలు. కాబట్టి స్టార్ లేని ప్రశ్నే మేలు. అంకెలు చేతికొచ్చాక తర్వాతి సమావేశాల్లో వాటి మీద స్టార్ ప్రశ్న వేయించండి.

జవాబులో 'సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం' అని వచ్చిందా? నిరాశపడకండి. ఆ వాక్యం హామీ కిందికి వస్తుంది. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే ప్రభుత్వ హామీల కమిటీ వెంటపడుతుంది. 'విషయం పరిశీలనలో ఉంది' అన్నదీ హామీగా లెక్కపెట్టే మాటల్లో ఒకటి. మూడు నెలలు దాటాక ప్రశ్న నంబరు, తేదీ వేసి ఆ కమిటీకి రాయమని మీ ఎంపీని అడగండి.

ఒక్కరి కేసుకు మాత్రం ఈ దారి పనికిరాదు, ఆలస్యమైపోతుంది. పాస్‌పోర్టు నకలు, యజమాని పేరు, ఫోను, వీసా కాగితంతో విదేశాంగ శాఖ వారి 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, ఆ ఫిర్యాదు నంబరుతో ఎంపీ చేత ఆ శాఖకు లేఖ రాయించండి. పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరి అన్న ముద్ర) ఉండి, ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వెళ్లినవారైతే ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ ఉందేమో ఇంట్లో వెతకండి. ప్రమాద మరణానికి 10 లక్షలు వస్తుంది. విజిట్ వీసా మీద పంపే ఏజెంట్లు ఈ క్లియరెన్స్‌నే తప్పిస్తారు. దాంతో ఆ కుటుంబానికి బీమా అండ ఉండదు.

పామాయిల్ దిగుమతి సుంకం ఒక్కసారిగా తగ్గించారు. గెలల ధర పడిపోతుందని భయం. పార్లమెంటులో ఓటింగ్ లేకుండానే ఇలా ఎలా చేస్తారు?
— ఓ రైతు, అశ్వారావుపేట

కస్టమ్స్ టారిఫ్ చట్టం షెడ్యూల్‌లో ఉన్న రేటు ఇంటి పైకప్పు లాంటిది. దాన్ని మార్చాలంటే పార్లమెంటు కావాలి. ఆ కప్పు కింద ఎంత దాకా దించాలన్నది కస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద కేంద్రం నోటిఫికేషన్‌తో తేల్చేస్తుంది. 2024 సెప్టెంబరు 14న ముడి పామాయిల్ మీద ప్రాథమిక సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచిందీ, 2025 మే 30న 10 శాతానికి తగ్గించిందీ అలాగే. సెస్సు, సర్‌ఛార్జి కలిపితే మొత్తం భారం 27.5 శాతం నుంచి 16.5 శాతానికి దిగింది. రెండుసార్లూ సభలు జరగడం లేదు.

ఆ నోటిఫికేషన్‌ను సభల ముందు 30 రోజులు ఉంచాలని అదే చట్టం 159వ సెక్షన్ చెబుతుంది. ఆ గడువులోనూ, తర్వాతి సమావేశాలు ముగిసేలోపూ సవరించాలని గానీ రద్దు చేయాలని గానీ సభ్యులు తీర్మానం పెట్టొచ్చు. రెండు సభలూ ఒప్పుకోవాలి. కాలం లెక్క చూడండి: మే 30న సుంకం తగ్గింది, సభ కూడింది జులై 21న. మధ్యలో 52 రోజులు. ఈలోగా కొత్త రేటుతో ఓడలు వచ్చేస్తాయి. ఒకవేళ రద్దు చేసినా, అప్పటిదాకా ఆ నోటిఫికేషన్ కింద జరిగింది చెల్లుతుంది. రైతుకు జరిగే నష్టం అక్కడే ఉంది. గెలల ధర ముడి నూనె ధరకు ముడిపడి ఉంది కాబట్టి ఆ 52 రోజుల కోతను ఏ తీర్మానమూ వెనక్కి తేలేదు.

అందుకే సుంకం మారాక అడగడం కంటే మారకముందు అడిగించడం మేలు. ప్రశ్న ఎవరికి వేయాలో కూడా చూసుకోవాలి. పంట కదా అని వ్యవసాయ శాఖకు వేస్తే, అది తమ పరిధి కాదని వేరే శాఖకు బదిలీ అవుతుంది, వంతు రోజు మారిపోతుంది. సుంకం ఆర్థిక శాఖ రెవెన్యూ విభాగానిది. 'సుంకం మార్చేముందు ఆయిల్‌పామ్ రైతుల మీద పడే ప్రభావాన్ని అంచనా వేశారా, వేస్తే ఆ వివరాలేమిటి' అన్నది సరైన ప్రశ్న.

అంతర్జాతీయ ఒప్పందాలకు పార్లమెంటు ఆమోదం అక్కర్లేదని క్లాసులో చెప్పారు. మరి చర్చల వల్ల ప్రయోజనం ఏమిటి?
— లా విద్యార్థిని, హైదరాబాద్

క్లాసులో చెప్పింది నిజమే. ఒప్పందాలు కుదుర్చుకోవడం, అమలు చేయడం కేంద్ర జాబితాలో 14వ అంశం. ఆ అధికారాన్ని 73వ అధికరణం కింద కేంద్ర ప్రభుత్వం వాడుతుంది. బ్రిటన్‌లో 2010 చట్టం ప్రకారం ఒప్పందాన్ని ధ్రువీకరణకు ముందు 21 సభా దినాలు పార్లమెంటు ముందుంచాలి. మనకు అలాంటి చట్టం లేదు. యూఏఈతో సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం మీద 2022 ఫిబ్రవరి 18న సంతకాలయ్యాయి, మే 1న అమల్లోకి వచ్చింది. సభలో ఓటు లేదు. ఒప్పందాలు చేసుకునే అధికారాన్ని చట్టంతో క్రమబద్ధం చేయాలని 2002లో రాజ్యాంగ సమీక్షా కమిషన్ సిఫారసు చేసింది. ఆ కమిషన్ సభ్యుల్లో జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి, జస్టిస్ కొత్తపల్లి పున్నయ్య తెలుగువారే. ఆ చట్టం ఇప్పటికీ రాలేదు. వ్యవసాయం, చేపల పెంపకం లాంటి రాష్ట్రాల అంశాల మీద కూడా, ఒప్పందం అమలు కోసమైతే, 253వ అధికరణం కింద పార్లమెంటు చట్టం చేయగలదు. సంతకానికి ముందే పార్లమెంటుకు చెప్పే పద్ధతి ఉండాలనడానికి ఇదొక్కటి చాలు.

ఇక రెండు చోట్ల పార్లమెంటును దాటలేరు. దేశ భూభాగం వదులుకోవాలంటే రాజ్యాంగ సవరణ కావాలని 1960లో బేరుబారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బంగ్లాదేశ్‌తో భూభాగాల మార్పిడికి 2015లో నూరవ సవరణ అందుకే చేశారు. రెండోది, ఒప్పందం కోసం దేశీయ చట్టాన్ని మార్చాల్సి వచ్చినప్పుడు.

ఈ రెండోదానికి పేటెంట్ల చట్టాన్ని చూడండి, మీ ప్రశ్నకు జవాబు అందులో ఉంది. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం మీద 1994లో ప్రభుత్వం సంతకం చేసింది. దాని ప్రకారం 2005 నుంచి మందులకు ఉత్పత్తి పేటెంట్లు, అంటే తయారీ పద్ధతికే కాక మందుకే పేటెంట్లు ఇవ్వాలి. 2004 డిసెంబరులో ఆర్డినెన్స్ వచ్చింది. దాన్ని చట్టంగా మార్చే బిల్లు 2005 మార్చిలో సభలకు వచ్చినప్పుడు, మందుల ధరలు పేదవాడికి అందకుండా పోతాయని సభ్యులు, ముఖ్యంగా వామపక్షాలవారు గట్టిగా పట్టుబట్టారు. దాంతో 3(డి) సెక్షన్ బిగిసింది: తెలిసిన పదార్థానికి కొత్త రూపం ఇచ్చినంత మాత్రాన, దాని గుణం మెరుగుపడకపోతే, పేటెంటు రాదు. క్యాన్సర్ మందు గ్లివెక్ పేటెంటును 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఆ సెక్షన్ కిందే తిరస్కరించింది. ఆ సెక్షన్ ఎందుకు పుట్టిందో తెలుసుకోవడానికి న్యాయమూర్తులు 2005 నాటి సభా చర్చలను తిరగేశారు. ఆ పేటెంటును వ్యతిరేకించిన కంపెనీల్లో మీ ఊరి నాట్కో ఒకటి. 1994లో పడ్డ సంతకం చెరగలేదు. అయినా ఆ సంతకాన్ని మన దేశంలో ఎలా అమలు చేయాలో సభ తేల్చింది.

చర్చను ఏ నిబంధన కింద అడిగారన్నదీ ముఖ్యం. లోక్‌సభలో 193 కింద జరిగే చర్చకు ఓటింగ్ ఉండదు, 184 కింద అయితే ఉంటుంది. చిల్లర వర్తకంలో విదేశీ పెట్టుబడుల మీద 2012లో సమావేశాలు స్తంభించిపోయింది ఈ తేడా దగ్గరే. చివరికి 184 కింద చర్చ జరిగి, డిసెంబరు 5న ప్రతిపక్ష తీర్మానం 218కి 253 ఓట్లతో వీగిపోయింది. ఓడినా, ఎవరు ఎటు నిలిచారో లెక్క తేలింది.

చిత్రహింసల నిరోధానికి మన దేశం సంతకం చేసిందంటారు. మరి చట్టం ఏది?
— ఓ పాఠకుడు, గుంటూరు

ఐక్యరాజ్యసమితి ఒడంబడిక మీద 1997 అక్టోబరు 14న సంతకం చేశాం. సంతకం ఉద్దేశం చెబుతుంది, కట్టుబడేది ధ్రువీకరణతో. ముందు దేశంలో చట్టం చేసి తర్వాత ధ్రువీకరించాలనుకున్నారు. బిల్లు 2010 మే 6న లోక్‌సభలో ఆమోదం పొందింది. రాజ్యసభ దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపింది, కమిటీ అదే ఏడాది డిసెంబరులో నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత మూడేళ్లకు పైగా బిల్లు కదల్లేదు. 2014లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. రాజ్యసభలో పుట్టి అక్కడే పెండింగ్‌లో ఉన్న బిల్లు బతుకుతుంది, లోక్‌సభ ఆమోదించి పంపింది మాత్రం పోతుంది. 2017లో లా కమిషన్ 273వ నివేదికలో కొత్త ముసాయిదా ఇచ్చింది. ధ్రువీకరణ నేటికీ జరగలేదు. లాకప్‌లో దెబ్బలు తిన్న మనిషికి ఇన్నేళ్ల జాప్యం చిన్న విషయం కాదు.

ఈలోగా జాతీయ మానవ హక్కుల కమిషన్ ఉంది. ఫిర్యాదుకు ఫీజు లేదు, తెలుగులో రాయొచ్చు. ఘటన జరిగిన ఏడాదిలోపే ఇవ్వాలి, దాటితే విచారణ చేపట్టరు. కమిషన్ వార్షిక నివేదికను, ఏ సిఫారసును ఎందుకు ఒప్పుకోలేదో కారణాలతో సహా కేంద్రం పార్లమెంటు ముందుంచాలి. ఆ కారణాల కాగితం మీద ప్రశ్నలు వేయమని మీ ఎంపీని అడగండి.

విదేశీ వ్యవహారాల మీద సభ చేసే తీర్మానానికి ప్రభుత్వం కట్టుబడాలా?
— ఓ పాఠకురాలు, విజయనగరం

చట్టపరంగా కట్టుబడాల్సిన పని లేదు. కానీ ఏకగ్రీవమైతే తర్వాత ఏ ప్రభుత్వమూ దాన్ని తేలిగ్గా దాటలేదు. పి.వి. ప్రధానిగా ఉండగా జమ్మూకశ్మీర్ మీద 1994 ఫిబ్రవరి 22న రెండు సభలూ చేసిన తీర్మానాన్ని ఇప్పటికీ ఉటంకిస్తారు. మాట ఎంపికకు ఎంత పట్టింపు ఉంటుందో 2003 ఏప్రిల్ 8 తీర్మానం చూస్తే తెలుస్తుంది. ఇరాక్ యుద్ధాన్ని ఖండించాల్సిందేనని ప్రతిపక్షం, అంత గట్టి మాట వద్దని ప్రభుత్వం. చివరికి హిందీలో 'నిందా' అన్న మాట దగ్గర ఇద్దరూ కలిశారు. మనకు నింద అంటే తప్పు మోపడం. హిందీలో అదే మాట తప్పుపట్టడం నుంచి ఖండన దాకా సాగుతుంది.

పార్లమెంటుకు పౌరులే నేరుగా అర్జీ పెట్టుకోవచ్చా? తెలుగులో ఇవ్వొచ్చా?
— ఓ పాఠకుడు, రాయచోటి

పెట్టుకోవచ్చు. లోక్‌సభ పిటిషన్ల కమిటీకి వెళ్లే అర్జీని ఎంపీ ద్వారా ఇవ్వొచ్చు, అప్పుడు ఆయన సంతకం కూడా ఉండాలి. లేదా సెక్రటరీ జనరల్‌కు నేరుగా పంపొచ్చు. తెలుగులో రాస్తే ఇంగ్లిష్ లేదా హిందీ అనువాదం జతచేసి, దాని మీదా సంతకం పెట్టండి. విషయం కోర్టులో ఉండకూడదు, రాష్ట్ర ప్రభుత్వ పరిధిలోది కాకూడదు, చట్టంలో వేరే పరిష్కారం ఉన్నదీ కాకూడదు. కువైట్‌కు వెళ్లే ఇంటిపని మహిళల రక్షణ లాంటి నలుగురి సమస్య అయితే సరిపోతుంది. చివర్లో ఏం చేయాలని కోరుతున్నారో స్పష్టంగా రాయండి. కోరిక లేని అర్జీ కమిటీ దాకా వెళ్లదు.