టెక్ సందేహాలు: సోల్డరింగ్ లేకుండ గిటార్ పికప్ మార్చుకోవచ్చునా?

ప్రశ్న: అన్నా నమస్తే, మాది కాజీపేట, చర్చి బ్యాండ్ల ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్త. నాది లెస్ పాల్ టైపు గిటార్, బ్రిడ్జ్ దగ్గరి పికప్ (స్ట్రింగ్ కదలికను కరెంటు సిగ్నల్‌గ మార్చేది) మబ్బుగ మోగుతుంది, సెకండ్ హ్యాండ్ల సేమర్ డంకన్ కంపెనీ హంబకర్ (రెండు కాయిళ్ల పికప్) ఒకటి దొరికింది. మా గల్లీల టీవీలు బాగుజేసే కాకను అడిగితే గిటార్ ఎన్నడు ముట్టలే, కాలిపోతే నాకు సంబంధం లేదన్నడు. సోల్డర్ అక్కర్లేని క్విక్ కనెక్ట్ వైరింగ్ అని ఆన్‌లైన్ల చూస్తున్న, అది నమ్మొచ్చునా?

జవాబు: నమ్మొచ్చు తమ్మీ. సోల్డర్ చేసినా, స్క్రూ కింద బిగించినా, ప్లగ్ గుచ్చినా, జాయింటు గట్టిగ ఉన్నంతసేపు సౌండ్ మారదు. సోల్డర్ లేకపోతే టోన్ పోతదని ఎవరన్న అంటే పట్టించుకోకు. సమస్య వచ్చేదల్లా జాయింటు వదులైనప్పుడే, ఎందుకంటే పికప్ నుంచి వచ్చే సిగ్నల్ మామూలుగ ఒక వోల్టు కూడా ఉండదు, దాన్ని యాంప్ ఎన్నో రెట్లు పెంచుతది, అందుకే వైరు కొంచెం కదిలినా స్పీకర్ల బరబరమని వినొస్తది.

ఈ ఆలోచన ఇప్పటిది కాదు. 1969ల ఆంపెగ్ కంపెనీ డాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ డిజైన్‌తోని అద్దం లెక్క కనపడే ప్లాస్టిక్ బాడీ గిటార్ తెచ్చింది, దాంట్ల బిల్ లారెన్స్ చేసిన పికప్‌లు స్ట్రింగ్స్ విప్పకుండనే పక్కనుంచి జరిపి మార్చుకోవచ్చు. నాకైతే అది ఇప్పటికీ అన్నిట్ల అందమైన పద్ధతి అనిపిస్తది. ఇప్పుడు ఈఎంజీ అనే పికప్ కంపెనీ వాళ్లు పికప్‌కు, పాట్‌కు (వాల్యూమ్, టోన్ నాబ్ కింద ఉండే భాగం), స్విచ్‌కు అన్నిటికీ చిన్న ప్లగ్గులు పెట్టి అమ్ముతున్నరు, గిబ్సన్ కూడా చాలా మోడళ్లల్ల లోపల సర్క్యూట్ బోర్డు పెట్టి పికప్‌లను ప్లగ్‌తోనే కలిపింది, డంకన్ వాళ్లు లిబరేటర్ అని స్క్రూలు బిగించే వాల్యూమ్ పాట్ తెచ్చిన్రు. కానీ ఒక కంపెనీ ప్లగ్ ఇంకో కంపెనీదాంట్ల పడుతదని అనుకోవద్దు. పట్టినట్టు కనపడినా పిన్నుల వరస వేరే ఉండొచ్చు.

నీ చేతిల ఉన్న డంకన్ పికప్‌కు నాలుగు రంగుల వైర్లు, ఒక బోడి వైరు వస్తయి. మామూలు వైరింగ్‌ల నలుపు హాట్ (సిగ్నల్ పోయే వైరు), ఆకుపచ్చ బోడి వైరుతోని కలిసి గ్రౌండ్‌కు పోవాలె, ఎరుపు తెలుపు రెండూ ఒకదానికొకటి కలిసి ఇంకేదానికీ తగలకుండ ఉండాలె. సోల్డర్ లేని కిట్ పెట్టుకునేటోళ్లు ఎక్కువగ ఆగమయ్యేది ఈ ఎరుపు తెలుపు దగ్గరనే, అవి రెండు కాయిళ్లను కలిపే జాయింటు కాబట్టి ఊడిందంటే సౌండే రాదు లేకపోతే పల్చగ వస్తది, మనిషేమో పికప్ ఖరాబు ఉన్నదనుకొని అమ్మినోనితోని పంచాయితీ పెట్టుకుంటడు. రంగుల అర్థం కూడా కంపెనీకొక తీరు ఉంటది, డిమార్జియో కంపెనీదాంట్ల హాట్ ఎరుపు, నలుపు తెలుపు కలిపేటివి. అందుకే యూట్యూబ్ల ఎవరో చెప్పిన రంగు చూసి కలపకు, నీ పికప్ తయారు చేసినోళ్ల డయాగ్రం ముందట పెట్టుకో.

ఇంకొకటి, ఇది చాలా మంది పట్టించుకోరు. డంకన్ వైర్ల కొసలు కంపెనీలనే సోల్డర్ పూసి ఇస్తరు. ఆ పూసిన కొసను స్క్రూ కింద బిగిస్తే ఆ రోజు గట్టిగనే ఉంటది, కానీ సోల్డర్ మెత్తటి లోహం, స్క్రూ ఒత్తిడికి మెల్లగ అణిగిపోతది, కొన్ని నెలలకు జాయింటు లూజయి సరిగ్గా పాట మధ్యల సౌండ్ కట్ అయితది. కాబట్టి ఆ కొసను కత్తిరించి, కొత్తగ 6-7 మి.మీ. ఇన్సులేషన్ తీసి, తీగలను మెలిపెట్టి, మడతేసి లావు చేసి అప్పుడు బిగించు. అయిపోయినంక ఒక్కో వైరును చేతితోని మెల్లగ గుంజి చూడు, ఊడేదుంటే బల్ల మీదనే ఊడాలె, ఆదివారం పొద్దున ఆరాధనల కాదు.

ఇండ్లల్ల వైరింగ్‌కు వాడే వాగో లీవర్ కనెక్టర్లు పెడితే ఎట్లుంటది అని కూడా అడుగుతరు. ఆ 221 సిరీస్ కనెక్టర్లు సన్న తీగల వైరైతే 0.14 చదరపు మి.మీ. నుంచి పట్టుకుంటయి, నాలుగు రంగుల పికప్ కేబుల్ లోపలి వైర్లు చాలా సార్లు దానికంటే సన్నగ ఉంటయి, 28 గేజ్ అయితే 0.08 చుట్టుపక్కలనే. మడతేస్తే ఎట్లనో పడుతది కానీ నాకు ఇష్టం లేదు. పైగా లెస్ పాల్ కంట్రోల్ కావిటీల (పాట్లు, వైర్లు ఉండే గుంతల) జాగ ఉంటది గని స్ట్రాట్ టైపు గిటార్ల పిక్‌గార్డ్ కింద అంత లోతు దొరకదు.

నన్నడిగితే మాత్రం నీకు ఇంకో దారి చెప్త. పికప్‌లు మళ్ల మళ్ల మార్చి చూడాలనే సోకు ఉన్నోనివైతే సోల్డర్ ఒక్కసారి చేయించు, పాట్ నుంచి చిన్న వైరు ముక్క బయటికి తీసి దాని కొసకు 2.5 మి.మీ. పిచ్ (పిన్నుల మధ్య దూరం) జేఎస్‌టీ ఎక్స్‌హెచ్ ప్లగ్ పెట్టించు, ప్రతి పికప్ వైరుకు అదే ప్లగ్ రెండో సగం వేసుకో. పిన్నుల వరస అన్నిటికీ ఒకటే ఉండాలె, ఆ వరసను కాయితం మీద రాసి కావిటీ మూత లోపల అతికించు. ఇట్లయితే ఖరీదైన కిట్ అవసరం లేదు, హైదరాబాద్ పోతే కోఠి గుజరాతీ గల్లీల ఈ ప్లగ్గులు తక్కువ ధరకే దొరుకుతయి. మీ కాకకు కూడా ఒక మాట చెప్పు, గిటార్ పాట్ వీపు మీద సోల్డర్ అంటాలంటే వేడి ఎక్కువ కావాలె, 25 వాట్ల ఐరన్ పెట్టి నిమిషాలు నిమిషాలు కాల్చేకంటే 40 వాట్లదాంతోని రెండు మూడు సెకన్లల్ల ముగించుడే పాట్‌కు మంచిది. టీవీలు చేసే చేతికి అది కష్టమేం కాదు, ధైర్యం చెప్పేటోడు కావాలె అంతే.

మూత పెట్టే ముందు జాక్‌ల కేబుల్ గుచ్చి, వాల్యూమ్ ఫుల్ పెట్టి, మల్టీమీటర్ 20 కే (20 వేల ఓమ్స్) రేంజ్‌ల కేబుల్ అవతలి కొసన చూడు. 8 కే ఓమ్స్ హంబకర్ అయితే 500 కే పాట్ మీద దాదాపు 7.9 కనపడుతది. సున్నా వస్తే ఎక్కడనో షార్ట్, ఏమీ రాకపోతే ఎక్కడనో ఊడింది. రెండు పికప్‌లు కలిసి మోగే మధ్య పొజిషన్‌ల సౌండ్ ముక్కుల నుంచి వచ్చినట్టు పల్చగ ఉంటే ఫేజ్ తిరగబడ్డట్టు (రెండిటి సిగ్నళ్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నయి), కొత్తదాంట్ల నలుపును ఆకుపచ్చను అటిటు మార్చు, బోడి వైరు మాత్రం గ్రౌండ్‌లనే ఉంచు.

ప్రశ్న: బ్రో, ఎన్ఐటీ వరంగల్ హాస్టల్ల ఉంటా, మెటల్ వాయిస్తం. ఈఎంజీ 81 ఒక్కటే తీసుకొని బ్రిడ్జ్‌ల పెట్టి, నెక్‌ల పాత పాసివ్ పికప్ అట్లనే ఉంచుదామని ఉన్నది. ప్లగ్గే కదా, గుచ్చితే అయిపోదా?

జవాబు: గుచ్చుడు అయిపోతది, వాయించుడు కాదు. ఈఎంజీ 81 యాక్టివ్ పికప్ (లోపల బ్యాటరీతోని నడిచే సర్క్యూట్ ఉంటది), దానికి 25 కే పాట్లు కావాలె, నీ పాసివ్ (బ్యాటరీ అక్కర్లేని) హంబకర్‌కు 500 కే. రెండింటికీ 25 కే పెడితే పాసివ్‌ది గొంతు మూసుకపోయినట్టు వస్తది, 500 కే పెడితే యాక్టివ్‌ది వాల్యూమ్ నాబ్ స్విచ్ లెక్క పనిచేస్తది, కొంచెం తిప్పంగనే అంతా వచ్చేస్తది. రెండిటికీ వేరే వేరే వాల్యూమ్ ఉన్న గిటార్ అయినా మధ్య పొజిషన్‌ల యాక్టివ్‌దే పాసివ్‌దాన్ని మింగేస్తది. ఆగి రెండూ కలిపి సెట్ తీసుకో. 9 వోల్టుల బ్యాటరీకి జాగ ముందే చూసుకో. ఒక్కో పికప్ తినేది 80 మైక్రో ఆంపులే, కానీ స్టీరియో జాక్‌ల కేబుల్ ఉన్నంతసేపు బ్యాటరీ ఆన్‌లనే ఉంటది, ప్రాక్టీస్ అయిపోంగనే కేబుల్ గుంజెయ్యి.

ప్రశ్న: సార్, మాది కరీంనగర్. మా బాబు సోల్డర్ లేని కిట్‌తోని వాడే పికప్‌లు మార్చుకున్నడు, అప్పటిసంది గిటార్ల గుయ్యిమని శబ్దం వస్తుంది. మైకు దగ్గర పాడుతుంటే పెదవికి షాక్ కూడా తగిలిందట. ప్రమాదం ఉంటదా?

జవాబు: అక్కా, ఇవి రెండు వేరే సంగతులు, ముందు షాక్ సంగతి చూడాలె, అది తేలేదాక బాబును ఆ యాంప్ ముట్టనియ్యకండి. మామూలు గిటార్ల స్ట్రింగ్స్ కేబుల్ గుండ యాంప్ గ్రౌండ్‌కు కలిసి ఉంటయి. యాంప్‌కు ఎర్తింగ్ లేకపోయినా, మైకు మిక్సర్ ఇంకో సాకెట్ల ఉండి వాటి మధ్యల వోల్టేజ్ తేడా ఉన్నా, చేయి స్ట్రింగ్ మీద పెదవి మైకు మీద పెట్టిన మనిషిలకెల్లి కరెంటు పారుతది. ఇది ప్రాణం మీదికొచ్చే విషయం. యాంప్ ప్లగ్ మూడో పిన్ను విరగ్గొట్టి గానీ, రెండు పిన్నుల అడాప్టర్‌ల గానీ పెట్టిన్రేమో చూడండి, ఉంటే వెంటనే మార్పించండి, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఇంటి ఎర్తింగ్ చూపించండి. యాంప్, మిక్సర్ రెండూ ఎర్తింగ్ ఉన్న ఒకే బోర్డు నుంచి తీసుకోండి.

ఎర్తింగ్ సరిగ్గ ఉన్నదని తేలినంక గుయ్యిమనేదాని సంగతి. బాబును కేబుల్ జాక్ లోహం ముట్టి చూడమనండి, శబ్దం తగ్గిందా? స్ట్రింగ్స్ ముట్టుకుంటే మాత్రం ఏ తేడా లేదా? అట్లయితే బ్రిడ్జ్ నుంచి వచ్చే గ్రౌండ్ వైరు ఊడింది. పాత వైరింగ్‌ల అది పాట్ వీపు మీద అతికి ఉంటది, పాత పాట్లు తీసినప్పుడు అది కూడా పోతది, కొత్తదాంట్ల మళ్ల పెట్టుడు మర్చిపోతరు. దాన్ని కిట్‌ల గ్రౌండ్ అని రాసి ఉన్న స్క్రూ కింద బిగిస్తే చాలు. కిట్ ఈఎంజీ యాక్టివ్‌ది అయితే మాత్రం ఆ వైరు పెట్టొద్దని కంపెనీయే చెప్తది, కాబట్టి డబ్బా మీద పేరు చూసి చేయమనండి.