దీపాల చుట్టూ రంగుల వలయాలు: ముందు కన్ను చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 61. ఏడాదిగా కెనడాలోని సస్కటూన్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడి ప్రెయిరీ మైదానాలు, గోధుమ చేలు, సగానికి పైగా ఆకాశమే నిండిన దృశ్యాలు చూసి ముచ్చటపడి ఆయిల్ పెయింటింగ్ నేర్చుకున్నాను. ఆరంగుళాలు, ఎనిమిదంగుళాల చిన్న చెక్క పలకల మీద వేస్తాను. చలికాలం కాబట్టి బేస్‌మెంట్‌లో టేబుల్ ల్యాంపు పెట్టుకుని కూర్చుంటాను. టర్పెంటైన్ వాసనకు ముక్కు కారుతోందని, ఇండియా నుంచి తెచ్చుకున్న జలుబు మాత్ర రోజూ సాయంత్రం వేసుకుంటున్నాను. కుడి కనుబొమ పైన నొప్పి వస్తోంది, నొప్పి మాత్రతో తగ్గుతోంది. అప్పుడే వీధి దీపాల చుట్టూ ఇంద్రధనుస్సులాంటి వలయాలు కనిపిస్తే వాటిని కూడా ఒక బొమ్మలో వేశాను. మా అమ్మకు నీటికాసులు (గ్లకోమా) ఉండేవి. మార్చిలో ఇండియా వచ్చినప్పుడు అన్నీ చూపించుకుంటాను. ఈలోగా టర్పెంటైన్ బదులు వాసన లేని థిన్నర్ వాడితే సరిపోతుందా?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, థిన్నర్ సంగతి తర్వాత చెబుతాను. మీరు ఒక్క వాక్యంలో దాటేసిన ఆ వలయాల దగ్గర నేను ఆగిపోయాను. అరవై దాటిన వయసు, ఒకవైపు కంటి పైన నొప్పి, దీపాల చుట్టూ రంగులు, తల్లికి నీటికాసులు. ఇవన్నీ ఒకచోట కనిపిస్తే కంటిలో ఒత్తిడి ఉండుండి పెరుగుతోందేమోనన్న అనుమానమే మొదట వస్తుంది. కాకపోవచ్చు కూడా. ఉత్తరం చదివి జబ్బును తేల్చడం కుదరదు, పైగా నేను కంటి వైద్యుణ్ని కాను. కానీ పరీక్ష చేయించుకోకుండా వదిలేయదగిన విషయం కాదిది.

మీరుండే చోట గడ్డకట్టే చలికి గాలిలో తేలే మంచు పలుకుల వల్ల సూర్యుడి చుట్టూ, దీపాల దగ్గరా నిజంగానే కాంతి వలయాలు ఏర్పడతాయి. మన దగ్గర చంద్రుడికి వరదగుడి కట్టిందంటామే, ఆ కోవలోదే. తేడా తెలుసుకోవడం తేలిక. మీ అమ్మాయిని పక్కన నిలబెట్టి అదే దీపాన్ని చూడమనండి. ఆమెకూ కనిపిస్తే వలయం గాలిలో ఉన్నట్టు. మీకొక్కరికే కనిపించినా, ఇంట్లో బల్బు చుట్టూ కనిపించినా, దాని కారణం మీ కంట్లోనే ఉందనుకోవాలి. శుక్లం మొదలైనా ఇలా కావచ్చు. అయితే అమ్మాయికీ కనిపించింది కదా అని కంటి పరీక్ష మానుకోవద్దు. ఆ నొప్పికి కారణం తెలియాలి, మీ అమ్మగారి జబ్బు సంగతీ మరవకూడదు.

కంటి లోపల ఒక పలచని ద్రవం ఎప్పుడూ ఊరుతూ, నల్లగుడ్డు అంచు దగ్గరున్న సన్నని మూల గుండా బయటికి పోతుంటుంది. వయసు పెరిగేకొద్దీ కంటి కటకం మందమై ఆ మూల ఇరుకవుతుంది. ఆసియా దేశాలవారిలో, అందులోనూ ఆడవారిలో ఈ ఇబ్బంది ఎక్కువ. మసక వెలుతురులో కంటిపాప విప్పారినప్పుడు దాని చుట్టూ ఉన్న రంగు పొర (ఐరిస్) ముడుచుకుని ఆ కాస్త దారినీ మూసేయవచ్చు. అప్పుడు ఒత్తిడి పెరిగి, నల్లగుడ్డులోకి నీరు చేరి, దీపాల చుట్టూ రంగులు కనిపిస్తాయి. డిసెంబరులో మీ ఊళ్లో పగలు ఎనిమిది గంటలైనా ఉండదు. మీరేమో బేస్‌మెంట్‌లో ఒక్క దీపం కింద, అరచేయంత పలక మీదకు వంగి కూర్చుంటున్నారు.

ఇక ఆ జలుబు మాత్ర. దీని గురించి నేను ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. మన దుకాణాల్లో అడగ్గానే ఇచ్చే జలుబు మాత్రల్లో చాలావాటిలో క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ ఉంటాయి. రెండూ కంటిపాపను విప్పార్చగలవు. ఆ మూల ఇరుకుగా ఉన్నవారికి ఇవి ప్రమాదం తెచ్చిపెడతాయి. పిల్లల దగ్గరికి వెళ్లే ప్రతి తల్లి పెట్టెలోనూ పచ్చళ్లతో పాటు ఒక మాత్రల సంచి ఉంటుందని నాకు తెలుసు. కానీ వాసనకు కారే ముక్కుకు రోజూ మాత్ర వేసుకోవడం ఏమిటమ్మా? ఈ రోజే ఆపేయండి. నొప్పి మాత్ర కంటి ఒత్తిడిని తగ్గించదు. ఇలాంటి నొప్పి చాలాసార్లు నిద్రపోతే దానంతటదే తగ్గుతుంది, ఎందుకంటే నిద్రలో కంటిపాప చిన్నదవుతుంది. ఆ మేలు మాత్ర చేసిందనుకుంటాం. బీపీకో మరొకదానికో డాక్టరు రాసిన మందులను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు.

కొన్నేళ్ల క్రితం నా దగ్గరికి ఒకావిడను తీసుకొచ్చారు. విపరీతమైన తలనొప్పి, వాంతులు. పార్శ్వపు నొప్పి అని, గ్యాస్ అని ఇంట్లోనే అయిదు రోజులు మాత్రలు మింగించారు. ఎర్రబడ్డ కన్ను చూసి వెంటనే కంటి ఆసుపత్రికి పంపాను, కానీ ఆ కంటిచూపు తిరిగి రాలేదు. కంటినరం ఒకసారి దెబ్బతింటే ఏ మందూ దాన్ని బాగుచేయలేదు. అందుకే మార్చి అన్న మీ మాట నాకు నచ్చలేదు. ఖర్చు అని మొహమాటపడుతున్నారేమో. పిల్లలతో చెప్పండి, ఇన్సూరెన్స్ ఏమిస్తుందో వాళ్లు చూస్తారు. కెనడాలో ఆప్టోమెట్రిస్టును (కంటి పరీక్షలు చేసే నిపుణుణ్ని) కలవడానికి మరో డాక్టరు చీటీ అక్కర్లేదు. ఈ వారంలోనే వెళ్లి కంటి ఒత్తిడి (మామూలుగా 10 నుంచి 21 మి.మీ. మెర్క్యురీ వరకు ఉండాలి), ఆ మూల ఎంత తెరుచుకుని ఉందో చూడమనండి. మాత్రల అట్టలు వెంట తీసుకెళ్లండి. మూల ఇరుకని తేలితే లేజర్‌తో ఐరిస్‌లో చిన్న రంధ్రం చేస్తారు, కొద్ది నిమిషాల పని. ఈలోగా కన్ను ఎర్రబడి, చూపు మసకబారి, నొప్పితో వాంతులైతే తెల్లవారేదాకా ఆగకుండా 911కి ఫోను చేయండి లేదా ఎమర్జెన్సీకి వెళ్లండి. ఎటూ తేల్చుకోలేకపోతే మీరుండే సస్కచవాన్ రాష్ట్రంలో 811కు ఫోను చేస్తే నర్సు సలహా ఇస్తారు.

కంట్లో ఏమీ లేదని తేలినా యాభై దాటాక కొత్తగా మొదలైన తలనొప్పిని ఒక ఫిజీషియన్ చూడాలి. కణతలు ముట్టుకుంటే నొప్పి, నమిలితే దవడ నొప్పి ఉంటే ఇంకా తొందరపడాలి. ఇంట్లో అందరికీ తలనొప్పిగా ఉండి, బయటికి వెళ్తే తగ్గుతుంటే ఇంటిని వేడిచేసే ఫర్నేస్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తోందేమో చూడాలి. అలాంటప్పుడు ఇంట్లో ఉండకండి.

మీరు అడిగిన థిన్నర్: వాసన తీసేసినంత మాత్రాన దాని ఆవిరి పోదు, తెలియకుండా ఎక్కువ పీలుస్తారు. పైగా టర్పెంటైన్‌కు ఇట్టే మంట అంటుకుంటుంది, ఫర్నేస్ ఉన్న బేస్‌మెంట్‌లో అసలే వద్దు. అంత చిన్న పలకకు రెండూ అక్కర్లేదు. రంగును అవిసె నూనెతోనే పలచన చేయండి, కుంచెలను కుసుమ నూనెతో తుడిచి సబ్బుతో కడగండి. నూనె గుడ్డలను ఉండచుట్టి పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లు పోసిన మూత ఇనుప డబ్బాలో వేయండి. చేలకు వాడే పసుపుల్లో కాడ్మియం, కొన్ని తెలుపుల్లో సీసం ఉంటాయి కాబట్టి రంగులు వేస్తూ ఏమీ తినవద్దు, ఎండిన రంగును ఉప్పు కాగితంతో రుద్దవద్దు. బొమ్మలు పగటిపూట, కిటికీ పక్కన వేయండి.

కంటి పరీక్షకు వెళ్లేటప్పుడు ఆ వలయాల బొమ్మను కూడా తీసుకెళ్లండి. నీటికాసుల వల్ల వచ్చే వలయాల్లో నీలం లోపలి అంచున, ఎరుపు బయటి అంచున కనిపిస్తాయని చెబుతారు. మీరు చూసిందేమిటో డాక్టరుకు మాటల్లో కంటే ఆ బొమ్మలో బాగా తెలుస్తుంది. రెండు కళ్ల ఒత్తిడి అంకెలూ నాకు రాసి పంపండి.