ఒకే వంట తిన్న అన్నదమ్ములకు ఒళ్లు వేరువేరుగా ఎందుకు?

విజయనగరంలో ఒకే ఇంట్లో, ఒకే చేతివంట తిని పెరిగినా పద్నాలుగేళ్ల పెద్దవాడు బొద్దుగా, పన్నెండేళ్ల చిన్నవాడు వెదురుబద్దలా ఎందుకున్నారని అడిగారు. తోడబుట్టినవాళ్లకు ఉమ్మడిగా వచ్చే జన్యువులు సగటున సగమే. మనుషుల ఎత్తులో కనిపించే తేడాల్లో దాదాపు 80 శాతం వారసత్వానిదే. కొవ్వు సంగతి అంత తేలిక కాదు. యూరప్ వాళ్లను పరిశీలించి 2007లో గుర్తించిన ఎఫ్‌టీఓ జన్యువు రకాన్నే చూడండి: తల్లి నుంచీ తండ్రి నుంచీ అదే వచ్చిన పెద్దలు, అసలు రానివాళ్లకంటే సగటున 3 కిలోలు ఎక్కువ తూగారు. అది ఆకలిని పెంచుతుంది. మీ పెద్దవాడు మూడోసారి అన్నం పెట్టమనడం మారాం కాకపోవచ్చు. ఈడు ఎప్పుడొస్తుందన్నదీ చాలావరకు వారసత్వమే. మగపిల్లల్లో ఆ ఎదుగుదల ఊపందుకుంటే కొవ్వు శాతం సాధారణంగా తగ్గుతుంది. నేనైతే కంచం లాక్కోను, సాయంత్రం మీ ఊరి అయోధ్య మైదానానికి తరుముతాను.