డాక్టర్ సలహా: కాలి రక్తనాళం పూడుకుంటే చైనా కషాయం సరిపోతుందా?

ప్రశ్న: మా వారికి 56 ఏళ్లు. వ్యాపారం పని మీద నాలుగేళ్లుగా చైనాలోని గ్వాంగ్‌జౌలో ఉంటున్నారు. షుగర్ ఉంది, సిగరెట్లు తాగుతారు. రెండు వందల మీటర్లు నడిస్తే కుడి పిక్క పట్టేస్తోంది, కాసేపు ఆగితే తగ్గుతోంది. తొడలో రక్తనాళం పూడుకుందని అక్కడి ఆసుపత్రిలో ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర, వాటితో పాటు మూలికల కషాయం రాశారు. తెలిసినవాళ్లు చెప్పారని రాత్రిళ్లు మూలికలు వేసిన వేడినీళ్లలో పాదాలు పెట్టుకుంటున్నారు. కషాయంతో నొప్పి కాస్త నయమట, ఇక మాత్రలు ఆపేస్తానంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, మాత్రలు మాత్రం ఆపనివ్వకండి. ఆ మాత్రలు పిక్క నొప్పి కోసం ఇచ్చినవి కావు. కాలి రక్తనాళంలో కొవ్వు పేరుకున్న మనిషికి గుండె, మెదడు రక్తనాళాల్లోనూ అది ఉండే అవకాశం ఎక్కువ. ఈ దశలో కాలు పోయే ప్రమాదం కంటే గుండెపోటు, పక్షవాతం ప్రమాదమే పెద్దది. ఆస్పిరిన్, స్టాటిన్ (కొలెస్ట్రాల్ మాత్ర) దాన్ని తగ్గిస్తాయి. నొప్పి తగ్గింది కదా అని ఆపేస్తే కాలు బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, కానీ గుండెకు కాపలా పోతుంది.

కషాయం రాసిన డాక్టర్‌ను తప్పుపట్టను. చైనాలో ఆధునిక వైద్యాన్నీ, అక్కడి సంప్రదాయ మూలికా వైద్యాన్నీ ఒకే ఆసుపత్రిలో కలిపి చేయడం మామూలే. కాలివేళ్లు నల్లబడి రాలిపోయే జబ్బును అక్కడి పాత వైద్యులు 'తువోజు' అన్నారు. దానికి ఎక్కువగా వాడే కషాయం 'సిమియావ్ యొంగాన్'. 1846 నాటి వైద్య గ్రంథంలో ఉంది. హనీసకిల్ పూలు, షువాన్‌షెన్ వేరు, దాంగ్‌గుయి వేరు, మన అతిమధురం, ఈ నాలుగే సరుకులు. మాత్రలతో కలిపి ఇస్తే నడిచే దూరం పెరిగిందని అక్కడి పరిశోధనలు చెబుతున్నాయి. అయితే వాటిలో చాలావరకు చిన్నవి, కొద్ది వారాలవి. కాలు తీసేయాల్సిన పరిస్థితి, గుండెపోటు తగ్గాయా అన్నదానికి వాటిలో గట్టి జవాబు లేదు. అందుకే కషాయం తోడుగా ఉండొచ్చు, మాత్రల స్థానంలోకి రాకూడదు.

తోడుగా వాడినా జాగ్రత్త కావాలి. దాంగ్‌గుయి, దాన్‌షెన్ లాంటి వేర్లు ఆస్పిరిన్ లాంటి రక్తాన్ని పలచబరిచే మందులతో కలిస్తే రక్తస్రావం కావచ్చు, వార్ఫరిన్‌తో మరీ ప్రమాదం. అతిమధురం ఎక్కువ రోజులు తాగితే బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. బయటి దుకాణంలో కట్టించుకున్న పొడులు అసలు వద్దు. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి చైనా మూలికలు వాడిన ఆడవాళ్లకు కిడ్నీలు పాడయ్యాయి, వాటిలో అరిస్టొలోకిక్ ఆమ్లం ఉండటమే కారణం. కషాయం చీటీని గుండె డాక్టర్‌కూ, స్టెంట్ వేయాల్సి వస్తే ఆ డాక్టర్‌కూ చూపించమనండి. కిడ్నీ పరీక్ష, బీపీ, పొటాషియం చూపించుకోవాలి.

నాకు ఎక్కువ భయం వేసింది వేడినీళ్ల మాట విని. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారితే నీళ్లు ఎంత కాలుతున్నాయో తెలియదు. వేడికి చర్మానికి ఎక్కువ రక్తం కావాలి, పూడుకున్న నాళం అది ఇవ్వలేదు. బొబ్బ లేస్తే మానదు, పుండవుతుంది. ఈ రాత్రి నుంచే మానేయమనండి. వేడినీళ్ల సీసాతో కాపడం కూడా వద్దు.

సిగరెట్ మానడానికి సాటి వచ్చే మందు ఏ వైద్యంలోనూ లేదు. దాని తర్వాత నడక. పిక్క పట్టేదాకా నడవాలి, ఆగాలి, తగ్గగానే మళ్లీ నడవాలి. ఇలా 30 నుంచి 45 నిమిషాలు, వారానికి కనీసం మూడుసార్లు, మూడు నెలలు. చాలామందికి నడిచే దూరం బాగా పెరుగుతుంది. ఇక పరీక్ష విషయానికొస్తే, చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చేది 0.9 కంటే తక్కువుంటే కాలి రక్తనాళం పూడుకున్నట్టు. షుగర్ ఉన్నవారిలో నాళం గట్టిపడి ఈ లెక్క తప్పుగా ఎక్కువ చూపించవచ్చు, కాబట్టి బొటనవేలి బీపీ కూడా అడగమనండి.

పడుకున్నప్పుడు కూడా పాదం నొప్పి పెట్టినా, వేలు నల్లబడినా, పుండు మానకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కితే చేతిలో ఉండేది కొద్ది గంటలే. అక్కడ అంబులెన్స్ నంబర్ 120. ఆయన ఫోన్‌లో ఇప్పుడే సేవ్ చేయించండి.